పీటల లెక్క

ఓడకి 46 రోజులు

షిఫ్టు గంట కొట్టకముందే తవిటమ్మ మందుల గది తలుపు బాదింది. లేని చెయ్యి పిడికిలి బిగుసుకుపోయిందట. ఆవిడకి ఎడమ మోచేతి కింద రెండేళ్ళ నుంచి ఏమీ లేదు, మంచు కోసే మరలో పోయింది. అయినా ఆ లేని వేళ్ళ గోళ్ళు లేని అరచేతిలో దిగబడుతున్నాయని చెబితే నేను నమ్ముతాను. ఈ సీరిస్ గ్రహశకలం మీది మంచుగనిలో పదకొండేళ్ళుగా కాంపౌండరుని. నొప్పి ఉందని అబద్ధమాడి షిఫ్టు ఎగ్గొట్టేవాళ్ళని చాలామందిని చూశాను. తవిటమ్మ ఆ రకం కాదు.

కొలత టోపీ తలకి పెట్టి చూశాను. నూటికి పీటలు యాభై రెండు.

"పోయిన్నెల అరవై ఎనిమిది కదేటి బాబూ?" అంది.

అవునన్నాను. మరి ఎందుకు తగ్గాయంటే ఏం చెప్పను? ఆవిడకి నేనిస్తున్నది పిట్టకి పోసినంత మందు. నేతిలో కలిపిన ఆకు సారం రోజుకి ఒక్క చెంచా. ఇంత తక్కువకి పీటలు తగ్గకూడదు. పుస్తకంలో ఎక్కడా లేదు.

మోతాదు పెంచకూడదని తెలుసు. పెంచాను. ఆ ముఖం చూస్తూ కాదనడం నా వల్ల కాలేదు. చెంచాలో సారం పావు వంతు ఎక్కువ కలిపి, కొత్త డబ్బా వంటశాలకి పంపాను.

ఓడకి 44 రోజులు

తవిటమ్మ కూతురు నీలి వచ్చి మందుల గదిలో బల్లెక్కి కూర్చుంది. ఏడేళ్ళది. ఈ స్టేషనులో పుట్టిన మొదటి పిల్ల. ప్రశ్నలతో ప్రాణం తీస్తుంది.

"తాతా, మా అమ్మ తలకాయిలో పీటలెవులు ఏసేరు?"

"ఎవరూ వెయ్యలేదు. నీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. మెదడులో, నరాల్లో, ఒళ్ళంతా."

"ఎందుకూ?"

"చుట్టాలు కూర్చోడానికి. మన ఒంట్లోనే ఒక మందు పుడుతుంది. దెబ్బ తగిలితే అది వచ్చి పీట మీద కూర్చుంటుంది. అది కూర్చున్నంతసేపూ నొప్పి కబురు పక్కింటికి పెద్దగా వినపడదు. కాసేపు కూర్చుని లేచిపోతుంది. మర్యాదస్తురాలు."

"మరి ఆకు మందో?"

"అదీ అదే పీట మీద కూర్చుంటుంది. కాకపోతే లేవదు. గంటలకి గంటలు."

"అప్పుడేటవుద్ది?"

"రోజూ వచ్చి లేవకుండా కూర్చునే చుట్టం ఉంటే ఇంటివాళ్ళు ఏం చేస్తారు? పీట తీసి లోపల పెట్టేస్తారు. మందు వస్తుంది, కూర్చోడానికి చోటుండదు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది."

పుస్తకంలో వాటిని గ్రాహకాలంటారు. గ్రాహకాలు అన్నంతకాలం స్టేషనులో ఒక్కరికీ ఎక్కలేదు. పీటలు అన్న రోజు నుంచి నలభై ఒక్కమందీ తమ లెక్క తామే అడుగుతున్నారు. మందు పేరు మాత్రం ఆకే. గంజాయి అన్న మాట వంటశాలలో వినిపించకూడదని వంటావిడ పారమ్మత్త ఆజ్ఞ.

నీలి వెళుతూ వెళుతూ, "అమ్మ ఓడెక్కీవలసొస్తాదేటి?" అని అడిగింది. పిల్లలకి అన్నీ తెలుస్తాయి. ఓడ మూడేళ్ళకొకసారి వస్తుంది. అందులో వచ్చే డాక్టరు అందరి పీటలూ కొలుస్తారు. అరవైకి తక్కువ ఉంటే ఇక్కడి మందుతో ఆ మనిషి నొప్పి ఆగదని లెక్క, భూమికి తీసుకుపోతారు. తవిటమ్మని తీసుకుపోవచ్చు. నీలిని తీసుకుపోలేరు. మేము బతికే ఈ తిరుగుడు చక్రంలో బరువు భూమి మీద బరువులో మూడో వంతు. ఇందులో పుట్టిన ఎముకలు, గుండె భూమి మీద నిలవవు.

"నేనున్నానుగా, వెళ్ళదులే," అన్నాను. గొప్పగా అనేశాను.

ఓడకి 38 రోజులు

పీటలు నలభై ఏడు.

వంటశాల నుంచి నా భోజనం తెచ్చే తోపుడుబండిలో ఖాళీ డబ్బా, చీటీ వచ్చాయి. 'నెయ్యి అయిపోనాది, మళ్ళీ పంపు.' ఏడు రోజులకని నాలుగు రోజుల కిందట పంపిన డబ్బా. ఇక్కడ బరువు తక్కువ గనక నెయ్యి జారదు, సగం డబ్బాకే అంటుకుపోతుంది. ఎప్పుడూ అలాగే అనుకుని మళ్ళీ నింపి పంపుతాను. ఇప్పుడూ పంపాను.

పారమ్మత్తతో నాకు మాటల్లేవు, అది కూడా రాసుకోవాలి. ఆవిడ వంటశాల పెద్ద. ఎనిమిది నెలల కిందట పదిమందిలో ఆవిడ పప్పుచారు గని నీళ్ళలా ఉందన్నాను. "అలాగైతే గనిలోకే ఎల్లి తాగు బాబూ," అంది. ఆ రోజు నుంచి నా కంచం బండి మీద నా గదికే వస్తోంది. నేను అలిగాననుకుంటోంది. అలగలేదు. నాకు ఒంటరిగా తినడమే హాయి.

ఓడకి 33 రోజులు

నలభై ఒకటి.

తల ప్రాణం తోకకొచ్చింది. కొలత టోపీ చెడిపోయిందేమోనని నా తలకి పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది, టోపీ బాగుంది. తోట తొట్టెల్లో ఆకు తీసి పరీక్ష చేశాను. ఎప్పటి ఘాటే. డబ్బాలో నెయ్యి పరీక్ష చేశాను. నేను కలిపినంతే ఉంది. ఇంక మిగిలింది ఒక్కటే, తవిటమ్మ దాన్ని సరిగ్గా మింగుతోందా లేదా చూడడం. మింగకుండా దాచుకుని నొప్పి ఎక్కువైనప్పుడు ఒక్కసారే తినేస్తోందేమో అని పాడు అనుమానం కూడా వచ్చింది.

ఎనిమిది నెలల తర్వాత వంటశాలలో అడుగు పెట్టాను. అందరూ తినడం ఆపి చూశారు. పారమ్మత్త చూడనట్టు నటించింది. నేను గోడవార నిలబడ్డాను.

పారమ్మత్త తవిటమ్మ కంచంలో అన్నం పెట్టింది. డబ్బాలోంచి చెంచాడు నెయ్యి తీసి వేసింది. సరిగ్గా ఒక చెంచా. తవిటమ్మ కలుపుకుని తినేసింది. దాచలేదు, పారెయ్యలేదు. సిగ్గేసి వెనక్కి తిరగబోయాను.

అప్పుడు పారమ్మత్త గరిటెతో మళ్ళీ వచ్చింది. "మారు ఎయ్యించుకో తల్లీ," అని ఇంకో గరిటెడు అన్నం పెట్టింది. అదే డబ్బా తీసింది. ఈసారి చెంచా ఇంకాస్త నిండుగా వేసింది.

నేను అరిచానట. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు.

"మారు అన్నం ఎట్టి మారు నెయ్యి ఎయ్యకుండా ఎలాగ?" అంది పారమ్మత్త, తెల్లబోయి. "నా సేత్తో ఒక్కసారే వడ్డించి ఒక మనిషిని లేపీమంటావేటి? నా ఒంట్లో ఊపిరుండగా జరగదు."

"అది నెయ్యి కాదత్తా, మందు!"

"మందని నాకు నోటితో ఎవులు సెప్పేరు? బండి మీద డబ్బా వొచ్చింది. 'తవిటమ్మ నెయ్యి, రోజూ భోజనంలో' అని సీటీ వొచ్చింది. నువ్వొచ్చి సెప్పేవేటి?"

చెప్పలేదు. మొదట్లో మందు నాలుక మీద చుక్కలుగా ఇచ్చేవాణ్ణి. కక్కుకుంటోందని నేతికి మార్చింది ఎనిమిది నెలల కిందటే, పప్పుచారు గొడవైన వారంలోనే. వంటశాలకి వెళ్ళి చెప్పాల్సింది. బండి మీద చీటీ పెట్టి పంపాను. చీటీలో మందు అని రాయడం మరిచాను. రిజిస్టరులో మాత్రం ఎనిమిది నెలలుగా నా గుండ్రటి రాత ఉంది, రోజుకి ఒక చెంచా అని. నేను రాసింది ఇవ్వాలనుకున్నదాని లెక్క. ఆవిడ కడుపులోకి వెళ్ళినదాని లెక్క కాదు. పైగా నొప్పి తగ్గలేదని మొన్న ఘాటు కూడా పెంచాను.

ఓడకి 32 రోజులు

తవిటమ్మకి నేనే చెప్పాను. పక్కన నీలి లేనప్పుడు చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఎనిమిది నెల్లా బాబూ?" అంది. అంతే. మొండిచెయ్యి నిమురుకుంటూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

దారి ఒక్కటే ఉంది. మందు ఆపాలి. చుట్టం రావడం మానేస్తే ఇంటివాళ్ళు పీటలు మళ్ళీ బయట వేస్తారు. మొదటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది, పూర్తవడానికి నెల పైన పడుతుంది. ఈ లోపల ఆవిడ నొప్పి ఆవిడదే. మూడు రోజులు పావు చెంచా, ఆపైన సున్న. ఆకులోనే ఇంకో సారం ఉంది, అది పీట మీద కూర్చోదు. పీటని పక్క నుంచి కాస్త లాగుతుంది, దాంతో మొండి చుట్టానికి స్థిరంగా కూర్చోడం కుదరదు. ఒంట్లో మిగిలిన పాత మందు పట్టు సడలుతుందని అది ఇస్తాను. నొప్పి తీరుస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను.

ఈ సంగతంతా నా సొంత పుస్తకంలో రాస్తున్నాను. స్టేషను రిజిస్టరులో ఇంకా ఒక చెంచాయే ఉంది. దిద్దితే నా కాంపౌండరు పని పోతుంది. లెక్క అరవై దాటితే ఆ రిజిస్టరు ఎవరూ తెరవరు. దాటుతుందని అనుకుంటున్నాను. నేను పిరికివాణ్ణని కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను.

ఓడకి 24 రోజులు

మందు పూర్తిగా ఆపి ఆరో రోజు. తవిటమ్మ తినడం లేదు. చెమటలు. కళ్ళు మూసుకుంటే పిడికిలి బిగుస్తుందని కళ్ళు ముయ్యడం లేదు. నీలి మీద విసుక్కుంది, ఆ తర్వాత దాన్ని పట్టుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం నన్ను పిలిపించింది. "సెయ్యి తెగినప్పుడు కూడా ఇంత నేదు. ఒక్క సెంచా ఇచ్చీ బాబూ. నీకు దండమెడతాను."

వెళ్ళి తెచ్చాను. అబద్ధమెందుకు, పరుగెత్తుకుంటూ వెళ్ళి తెచ్చాను. చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్ళేసరికి నా చెయ్యి పట్టుకుంది.

"ఇది మింగితే ఎన్ని పీటలు పోతాయి?"

"ఒక్క చెంచాకి ఎన్నో చెప్పలేను. కానీ ఈ ఆరు రోజుల కష్టం వెనక్కి పోతుంది."

చెంచా వైపు చూసింది. గోడ వైపు తిరిగి పడుకుంది. "అయితే తీసీ," అంది.

బయటికొచ్చి నడవాలో నిలబడ్డాను. ఇంత పట్టుదల నాకుంటే ఎనిమిది నెలలు గదిలో కూర్చుని ఒక ముసలావిడ మీద అలిగేవాణ్ణి కాదు. అవును, అలిగాను.

ఓడకి 21 రోజులు

పాత పుస్తకాలన్నీ తిరగేస్తే ఒక ముక్క దొరికింది. కాస్త ఆయాసం వచ్చేలా ముప్పావు గంట నడిస్తే ఒంట్లో పుట్టే మందు పెరుగుతుంది. అది మర్యాదస్తురాలు, కూర్చుని లేచిపోతుంది, పీటలకి హాని లేదు.

వంటశాలకి వెళ్ళి అందరి ముందూ చెప్పాను. తవిటమ్మ చక్రం చుట్టూ రోజుకి రెండు పూటలా నడవాలి, ఒక్కతే నడవలేదు, తోడు కావాలి. తప్పు నాదని కూడా చెప్పాను. పారమ్మత్త గరిటె కింద పెట్టి అప్రాన్ విప్పింది.

"పప్పు నువ్వు కలుపు," అంది నాతో. "మాడ్చీకు."

తవిటమ్మ భుజం కింద చెయ్యేసి లేపి నడిపించింది. అరవై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి. మూడు చుట్లకే రొప్పుతోంది. "ఓలమ్మ, ఈ సక్రం ఇంత పెద్దదేటి? ఎవులు కట్టేరు దీన్ని?" అని దారిపొడుగునా తిట్లు. నీలి వెనకాల లెక్కపెడుతోంది. తవిటమ్మ పళ్ళు బిగించి నడిచింది. ఎనిమిదో చుట్టులో, పారమ్మత్త తిట్లకి అనుకుంటా, ఒకసారి నవ్వింది.

పప్పు మాడింది.

ఓడకి 15 రోజులు

నలభై తొమ్మిది!

ఇప్పుడు నడకకి వంతులు పెట్టుకున్నారు. డ్రిల్లు షిఫ్టు దిగినవాళ్ళు కూడా బూట్లు విప్పకుండానే వస్తున్నారు. నాకూ ఒక వంతు ఇచ్చారు. నడుస్తున్నంతసేపూ, ఆ తర్వాత ఒక గంటా, పిడికిలి కొంచెం వదులవుతోందట. "వేళ్ళు తెరుసుకోలేదు గానీ, గోళ్ళు దిగడం నేదు," అంది.

భోజనంలో అన్నం కొంచెం తింటోంది. పారమ్మత్త ఆవిడకి ఒక్కసారే వడ్డిస్తోంది. నెయ్యి లేకుండా. వడ్డించి వంటింట్లోకి పోయి తలుపేసుకుంటోంది, ఆ కంచం వైపు చూడలేక. రెండోసారి అడగకుండా ఉండడానికి ఆవిడ పడుతున్న బాధ కొలిచే టోపీ నా దగ్గర లేదు.

ఓడకి 8 రోజులు

యాభై నాలుగు. రోజుకి ముప్పాతిక చొప్పున పెరుగుతోంది. కాగితం మీద కూడి చూశాను, అరవై వస్తుంది. మళ్ళీ చూశాను, అరవయ్యే.

ఓడకి 1 రోజు

యాభై ఎనిమిది. పెరుగుదల నెమ్మదించింది. ఏం తప్పు చేశామో తెలియదు. ఏ తప్పూ లేదేమో, ఒళ్ళు దాని తీరిక ప్రకారం అది నడుస్తుంది. ఇవాళ తవిటమ్మ మూడు పూటలా నడిచింది. పాదాలకి బొబ్బలు. నేను వద్దంటే వినలేదు.

ఓడ వచ్చిన రోజు

ఓడ డాక్టరు పేరు రజియా. నెమ్మదస్తురాలు. తవిటమ్మ తలకి టోపీ పెట్టి రెండుసార్లు కొలిచింది. రెండుసార్లూ యాభై ఎనిమిది.

"అమ్మా, నియమం మీకు తెలుసు కదా," అంది. తవిటమ్మ తలాడించింది. ఏడవలేదు. మిగిలిన ఒక్క చేత్తో నీలి జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. ఒంటిచేత్తో జడ అల్లడం మాటలు కాదు. పాయలు జారిపోతున్నాయి. నీలి కదలకుండా నిలబడి ఉంది.

చూడలేకపోయాను. గదికి వెళ్ళి ఈ పుస్తకం తెచ్చి డాక్టరు చేతిలో పెట్టాను. "స్టేషను రిజిస్టరులో ఉన్నది నిజం కాదండీ. ఇది నిజం. చదివాక ఆవిణ్ణి తీసుకెళ్ళాలో వద్దో చెప్పండి," అన్నాను.

నడవాలో నిలబడే చదివింది. మధ్యలో ఒకసారి నవ్వింది, పప్పు దగ్గర అనుకుంటా. చదివి మూసింది.

"నియమం జబ్బు వల్ల పీటలు పోయినవాళ్ళకి. ఇది జబ్బు కాదు, మందు ఎక్కువ పడింది. ఆపాక పదిహేడు పెరిగాయి, ఇంకా పెరుగుతాయి. ఆవిడ ఇక్కడే ఉండొచ్చు," అని ఆగింది. "కానీ జోగారావు గారూ, ఎనిమిది నెలల తప్పు రాత చూశాక మిమ్మల్ని ఇక్కడ ఉంచలేను."

"తెలుసండీ."

"ఓడలో అదనపు కాంపౌండరు ఉన్నాడు, అతను దిగుతాడు. మీరు ఎక్కాలి. ఎల్లుండి."

పారమ్మత్త వింటోంది కాబోలు, దూసుకొచ్చింది. "మరి నానో? ఆ రెండో సెంచా ఏసింది నాను. నన్నూ ఎక్కించీండి!"

"నువ్వెక్కితే వీళ్ళకి వండేదెవరత్తా? నా పప్పు చూశావు కదా," అన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టింది. నాకు యాభై ఆరేళ్ళు. ఆఖరిసారి నా తల మీద ఎవరు చెయ్యి పెట్టారో గుర్తు లేదు.

ఎక్కే ముందు తవిటమ్మ వచ్చింది. "నిన్ను తిట్టాలని ఇన్నాళ్ళూ దాసుకున్నాను బాబూ," అంది. "ఇప్పుడు తిట్టడానికి మాటలు రావడం నేదు." క్షమించానని అనలేదు. నేను అడగలేదు. కొత్తవాడు టోపీ సరిగ్గా పెడుతున్నాడో లేదో దగ్గరుండి చూసుకోమని చెప్పాను. చూసుకుంటానంది.

ఓడలో 4వ రోజు

డాక్టరు ఈ పుస్తకం ఇవాళే తిరిగిచ్చింది, ఓడ వచ్చినప్పటి సంగతులన్నీ ఇప్పుడే రాశాను. నకలు తీసుకుందట.

పదకొండేళ్ళ తర్వాత భూమి బరువు నా ఎముకలు ఎంతవరకు మోస్తాయో చెప్పలేనంది. చూద్దాం. భయంగా ఉంది.

ఇప్పుడే స్టేషను నుంచి కబురు వచ్చింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, నీలి రాసింది. 'తాతా, ఇయ్యాల అమ్మ పీటలు అరవై ఒకటి. కొత్త తాతకి టోపీ ఎట్టడం రాలేదు. నానే ఎట్టేను.'

ఓడ ఇంకో వారం ఆలస్యమై ఉంటే నేను నా గదిలోనే ఉండేవాణ్ణి. రిజిస్టరులో నా అబద్ధమూ అక్కడే ఉండేది. ఈ మాట మీద కొంతసేపు నాకు కోపం వచ్చింది, కొంతసేపు సిగ్గేసింది. ఆ తర్వాత అరవై ఒకటి అన్న అంకె మళ్ళీ చదివాను.

ఓడలో బరువు బొత్తిగా లేదు. ఏడిస్తే నీళ్ళు చెంపల మీదికి జారవు, కంటి మీదే ముద్దగా పేరుకుని నిలబడతాయి, ఎదురుగా ఏమీ కనపడదు. డాక్టర్ రజియా తువ్వాలు అందించి, ఏమైందని అడిగింది.

"అరవై దాటిందటండీ," అన్నాను.